నడిచే బస్సు

పిల్లలూ! మీకొక చిన్న లెక్క ఇస్తాను. కాగితం, పెన్సిలు అక్కరలేదు. కొంచెం ఆలోచిస్తే చాలు.

ఒక పిల్లవాడి బరువు 30 కిలోలు. వాడి పుస్తకాల సంచి 4 కిలోలు. వాణ్ణి బడి దగ్గర దించటానికి వాళ్ళ నాన్న కారు తీశాడు. ఆ కారు బరువు సుమారు 1000 కిలోలు. బడి ఇంటికి ఒక కిలోమీటరు దూరంలో ఉన్నది. పిల్లవాణ్ణి దించి నాన్న మళ్ళీ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు చెప్పండి: 34 కిలోల బరువును ఒక కిలోమీటరు చేర్చటానికి, 1000 కిలోల ఇనుమును ఎంత దూరం తిప్పవలసి వచ్చింది?

రెండు కిలోమీటర్లు! సాయంత్రం మళ్ళీ రెండు. మొత్తం నాలుగు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయటమంటే ఇదే కదా!

ఈ లెక్కను నేను ఎన్నో తరగతులలో చెప్పాను. ముప్ఫై ఏళ్ళకు పైగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల బడులలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. లెక్క చెప్పగానే పిల్లలందరూ నవ్వేవారు. తరువాత ఎవరో ఒకరు లేచి, "మరి మా నాన్న రోజూ గట్లనే తీసుకొస్తడు సార్" అనేవారు. అప్పుడు తరగతి అంతా నిశ్శబ్దమైపోయేది. లెక్క ఇంటిదాకా వచ్చింది కదా మరి!

మా మూడు ఊళ్ళనూ మీలో చాలామంది బస్సు కిటికీలో నుంచి చూసే ఉంటారు. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద ఉన్నవి. ఆ రోడ్డును పూర్వం 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడది 65వ నంబరు. మిర్యాలగూడ రైలు మార్గం మీద ఉన్నది. అక్కడ బియ్యం మిల్లులు ఎక్కువ. 2011 జనాభా లెక్కలలోనే సూర్యాపేటలోనూ, మిర్యాలగూడలోనూ లక్షమందికి పైగా ఉన్నారు. 2016లో సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. ఇవి ఇక పల్లెటూళ్ళు కావు. అలా అని హైదరాబాదు అంత మహానగరాలూ కావు.

నా చిన్నతనంలో సూర్యాపేటలో కారు వస్తే పిల్లలం దాని వెంట పరుగెత్తేవాళ్ళం. ఎడ్లబండ్లు, రిక్షాలు, సైకిళ్ళు, అప్పుడప్పుడు ఒక బస్సు—ఇవే రోడ్డు మీద కనబడేవి. సైకిలు కొనలేనివాళ్ళకు అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. గంటకు పావలా ఇచ్చి తెచ్చుకొని, గంట పూర్తి అయ్యేలోపల నలుగురం వంతులవారీగా తొక్కేవాళ్ళం. ఇప్పుడు కారు వెంట పరుగెత్తటానికి రోడ్డు మీద చోటు లేదు.

చోటు అన్నాను. ముందు దాని సంగతి చూద్దాం.

మిర్యాలగూడలో ఉన్నప్పుడు ఏడవ తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేశాను. ముగ్గు పిండి, కొలత టేపు తీసుకొని అందరం ఆటస్థలానికి వెళ్ళాము. ముందుగా నేల మీద ఒక బస్సును గీశాము. పొడవు 11 మీటర్లు, వెడల్పు రెండున్నర మీటర్లు. అందులో 50 మందిని వరుసగా కూర్చోబెట్టాము. మోకాళ్ళు మోకాళ్ళకు తగిలాయి గాని, అందరూ పట్టారు.

"ఇప్పుడు ఈ యాభైమందీ కార్లలో పోతారు. కారుకు ఇద్దరు చొప్పున ఎన్ని కార్లు కావాలి?" అని అడిగాను.

"ఇరవై ఐదు సార్!"

"అయితే ఇరవై ఐదూ గీయండి. ఒక్కొక్కటి 4 మీటర్ల పొడవు. కారుకూ కారుకూ మధ్య 2 మీటర్లు వదలండి. అన్నీ ఒకే వరుసలో రావాలి."

పిల్లలు ఉత్సాహంగా గీయటం మొదలుపెట్టారు. పది కార్లు అయినవి. పదిహేను అయినవి. పదహారవ కారు గోడకు తగిలింది. ముగ్గు పిండి పట్టుకున్న పిల్లవాడు అక్కడే నిలబడి, "సార్! గ్రౌండు అయిపోయింది, కార్లు అయిపోలే!" అని కేక వేశాడు.

లెక్క వేసి చూడండి. 25 కార్లకు 100 మీటర్లు. వాటి మధ్య 24 ఖాళీలకు 48 మీటర్లు. మొత్తం 148 మీటర్లు! బస్సు 11 మీటర్లలో మోసిన మనుషులనే కార్లు 148 మీటర్లు పరచుకొని మోస్తున్నాయి. ఇది బండ్లు ఆగి ఉన్నప్పటి మాట. కదులుతున్నప్పుడు ఖాళీ ఇంకా ఎక్కువ ఉండాలి. లేకపోతే ముందు బండి ఆగినప్పుడు వెనుక బండి దానికి గుద్దుకుంటుంది. అంతేకాదు. బస్సు మనలను దించి ఇంకొకరి కోసం పోతుంది. కారు మాత్రం యజమాని వచ్చేదాకా రోడ్డు పక్కనే నిలబడి ఉంటుంది. ఆ పక్కనే కదా మీరు నడవవలసింది!

చోటు తరువాత గాలి. ఇక్కడ మీకొక వింత చెబుతాను.

ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు ముప్పావు కిలో. అది ఇంజనులో కాలినప్పుడు పొగగొట్టం నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు బరువు ఎంతో తెలుసా? సుమారు 2 కిలోల 300 గ్రాములు! ముప్పావు కిలో నుంచి రెండు కిలోలకు పైగా ఎట్లా వచ్చింది? ఇది గారడీ కాదు. పెట్రోలులో ఎక్కువ భాగం కర్బనం. కాలేటప్పుడు ప్రతి కర్బన పరమాణువూ గాలిలోని ప్రాణవాయువు పరమాణువులు రెండింటిని పట్టుకుంటుంది. కర్బనం బరువు 12 వంతులైతే, రెండు ప్రాణవాయు పరమాణువుల బరువు 32 వంతులు. అంటే పెట్రోలు తన బరువు కంటె ఎక్కువ బరువును గాలిలో నుంచి లాక్కొంటుంది. ఇట్లా పుట్టిన వాయువునే ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నారు. అది ఆకాశంలో చేరి, దుప్పటి కప్పినట్లు భూమి వేడిని పోనీయకుండా పట్టి ఉంచుతుంది.

ఇంకొక సంగతి. చల్లగా ఉన్న ఇంజను మొదటి కిలోమీటరులో పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పొగ కూడా ఎక్కువ విడుస్తుంది. కనుక దూరప్రయాణం కంటె దగ్గర ప్రయాణంలోనే కిలోమీటరుకు నష్టం ఎక్కువ. బడికి, పాలకు, కూరగాయలకు కారు తీయటమంటే ఇదే.

అయితే పెద్దవాళ్ళకు ఇవేవీ తెలియవా? తెలుసు. తెలిసి కూడా కారు ఎందుకు తీస్తారు? ప్రేమ వల్ల, భయం వల్ల. దానికి నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాను.

నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక బడి పెద్ద బజారుకు దగ్గరగా ఉండేది. ఊరి పేరూ, బడి పేరూ ఇక్కడ అవసరం లేదు. ఉదయం తొమ్మిది కొట్టేసరికి గేటు ముందు కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు ఒకదానికొకటి అడ్డం పడేవి. హారన్ల మోతలో ప్రార్థన గంట కూడా వినబడేది కాదు. ఒకనాడు ఒక కారు పిల్లవాణ్ణి దించి, తిరిగి పోవటానికి వెనక్కు వచ్చింది. రెండవ తరగతి పిల్లవాడొకడు దాని వెనుక నుంచి గేటు వైపు వస్తున్నాడు. కుర్రవాడు పొట్టివాడు; అద్దంలో కనబడలేదు. చక్రం వాడి పాదం మీదికి ఎక్కింది.

ప్రాణానికి ప్రమాదం లేదు. కాని కాలి ఎముక విరిగింది. వాడు రెండు నెలలు కట్టుతో మంచం మీద ఉన్నాడు. కారు నడిపిన ఆయన దుర్మార్గుడు కాదు. తన బిడ్డ రోడ్డు మీద నడిస్తే ఏమవుతుందోనని భయపడి కారులో తెచ్చిన తండ్రి ఆయన. పదిరోజుల పాటు ఆసుపత్రికి పోయి ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి సమావేశం పెట్టాము. ఒక తల్లి లేచి, "రోడ్డు మీద ఇన్ని బండ్లుంటే పిల్లల్ని ఎట్ల నడిపియ్యమంటరు సార్?" అని అడిగింది. ఆమె అడిగినది న్యాయమే. కాని ఆ చిక్కును జాగ్రత్తగా చూడండి. బండ్లకు భయపడి ఒకరు కారు తీస్తారు. ఆ కారును చూసి భయపడి మరొకరు తీస్తారు. కార్లు పెరిగిన కొద్దీ భయం పెరుగుతుంది. భయం పెరిగిన కొద్దీ కార్లు పెరుగుతాయి. ఈ ముడిని ఒక్కరు విప్పలేరు. పదిమంది కలిస్తే విప్పవచ్చు.

అప్పుడు వెనుక బెంచీలో నుంచి ఒక ముసలాయన లేచాడు. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. మనుమరాలి కోసం సమావేశానికి వచ్చాడు. "సార్, ముప్ఫై ఏండ్లు బస్సు నడిపిన. ఇప్పుడు ఇంజన్ లేని బస్సు నడుపుత. పిల్లల్ని నాకు అప్పజెప్పండ్రి" అన్నాడు.

ఇట్లా మా "నడిచే బస్సు" పుట్టింది.

దాని పద్ధతి చాలా సులభం. మామూలు బస్సుకు వలెనే దానికొక దారి, స్టాపులు, వేళలు ఉన్నవి. 8 గంటల 20 నిమిషాలకు పాలకేంద్రం దగ్గర బయలుదేరుతుంది. 8 గంటల 30 నిమిషాలకు హనుమంతుడి గుడి. 8 గంటల 40 నిమిషాలకు కుట్టుమిషన్ దుకాణం. 9 గంటలకు పది నిమిషాల ముందు బడి. పిల్లలు తమ తమ స్టాపులలో నిలబడి ఉండాలి. ముందు డ్రైవరు తాత నడుస్తాడు. పిల్లలు ఇద్దరిద్దరుగా వరుసలో వస్తారు. చివర ఒక తల్లి వస్తుంది. తల్లులు రోజుకొకరు వంతు వేసుకున్నారు. ఎనిమిదవ తరగతి అమ్మాయి ఒకతె కండక్టరు. ఆమె ప్రతి స్టాపులో తలలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకొని, "రైట్ రైట్!" అనాలి. ఆ మాట అననిదే తాత అడుగు ముందుకు వేసేవాడు కాదు.

మొదటి రోజున ప్రయాణికులు ఐదుగురు. కొందరు నవ్వారు. ఒక వానరోజున గొడుగుల బస్సు వస్తుంటే బజారు జనమంతా నిలబడి చూశారు. సంక్రాంతి సెలవులు వచ్చేసరికి ప్రయాణికులు పంతొమ్మిది మంది అయ్యారు. పాదం విరిగిన పిల్లవాడు కూడా నడక రాగానే అందులో చేరాడు. వాడిది కుట్టుమిషన్ దుకాణం స్టాపు.

కార్లు పూర్తిగా పోలేదు. దూరపు ఊళ్ళ పిల్లలకు బండి తప్పదు. అటువంటివాళ్ళు గేటుకు వంద అడుగుల అవతలే బండి ఆపి, పిల్లలను దించి పోవాలని తల్లిదండ్రులే తీర్మానించుకున్నారు. అంతే. గేటు ముందు నేల కనబడింది. ప్రార్థన గంట వినబడింది.

పిల్లలు తలచుకుంటే ఊళ్ళు మారుతాయా అని మీకు సందేహం రావచ్చు. యూరపు ఖండంలోని నెదర్లాండ్స్ దేశం కథ వినండి. ఈనాడు సైకిళ్ళకు పేరుపొందిన దేశం అది. కాని యాభై ఏళ్ళ కిందట అక్కడ కూడా కార్లు వీధులను ఆక్రమించాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలలో 3,300 మంది దాకా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు! తల్లిదండ్రులు కడుపుమంటతో వీధులలోకి వచ్చారు. ఆ ఉద్యమానికి వారు పెట్టిన పేరుకు "పిల్లల హత్యను ఆపండి" అని అర్థం. ఆంస్టర్‌డాం నగరంలో ఒక పేట పిల్లలు 1972లో ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించి, తమ వీధిని ఆడుకోవటానికి వదలమని అడిగారు. మరుసటి ఏడు పెట్రోలుకు కరువు వచ్చింది. 1973 నవంబరు 4న, ఆదివారంనాడు, దేశమంతటా కార్లు నిలిచిపోయాయి. జనం పెద్ద రహదారుల మీద సైకిళ్ళు తొక్కారు. ఆ తరువాత ప్రభుత్వం సైకిళ్ళకు వేరే దారులు వేయటం మొదలుపెట్టింది. 2023లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల మరణాలు ఏడువందలకు లోపే. మన దేశంలో 2022 ఒక్క ఏట రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. ఆ అంకెను ఒకసారి నిదానంగా చదవండి. అది సూర్యాపేటలో 2011లో ఉన్న జనం కంటె ఎక్కువ.

ఎక్కడో నెదర్లాండ్స్ దాకా పోనక్కరలేదు. మన దగ్గర కూడా ప్రయత్నాలు జరిగాయి. నిజాం రైల్వేవారు 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై, 1958 జనవరి 11న ఆర్టీసీ సంస్థ అయింది. సూర్యాపేటకూ, కోదాడకూ ప్రయాణికుల రైలు లేకపోయినా, మమ్మల్ని లోకంతో కలిపింది ఆ బస్సే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు. బస్సులు కిటకిటలాడుతున్నాయని కొందరు విసుక్కుంటారు. నిజమే. కిటకిట తగ్గాలంటే బస్సులు పెరగాలి గాని, ఎక్కేవాళ్ళు తగ్గకూడదు.

హైదరాబాదులో 2015 ఆగస్టులో కంప్యూటరు ఉద్యోగులు పనిచేసే ప్రాంతంలో "కారు లేని గురువారం" అని మొదలుపెట్టారు. ఆ రోజున కారు ఇంటి దగ్గర వదలి బస్సులోనో, సైకిలు మీదనో, నలుగురు ఒకే బండిలోనో రావాలని కోరారు. వారానికి ఒక రోజుతో మహానగరం మారిపోదు. అక్కడ ఇల్లు ఒక మూలా, ఉద్యోగం ఒక మూలా ఉంటాయి. అందుకని 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. మూడు మార్గాలూ కలిసి సుమారు 69 కిలోమీటర్లు. ఇప్పుడు సూర్యాపేటలో బస్సు ఎక్కినవాళ్ళు ఎల్.బి. నగర్‌లో దిగి, మెట్రో ఎక్కి, మియాపూర్ దాకా ఎర్రదీపాల ముందు ఆగకుండా పోవచ్చు. మిర్యాలగూడవాళ్ళు రైలులో సికింద్రాబాదు చేరవచ్చు. నగరంలో కారు తగ్గాలంటే నగరంవాళ్ళు మాత్రమే కాదు, నగరానికి పోయే మనం కూడా ఇది ఆలోచించాలి.

మన ఊళ్ళకు ఒక అదృష్టం ఉన్నది. మహానగరం మారటానికి వేల కోట్ల రూపాయలు, వంతెనలు, రైళ్ళు కావాలి. మన ఊళ్ళలో చాలామందికి బడి, అంగడి, బస్టాండు రెండు మూడు కిలోమీటర్ల లోపలనే ఉన్నవి. కిలోమీటరు నడకకు పావుగంట. సైకిలు మీద ఐదు నిమిషాలు. మనకు కావలసినది నడవటానికి ఆక్రమణ లేని ఒక పక్క దారి, దాటటానికి తెల్లచారల చోటు, తోడు నడిచే నలుగురు మనుషులు. మొక్కై వంగనిది మానై వంగునా? మన ఊళ్ళు ఇంకా మొక్కలే.

ఇదంతా చదివి కారు చెడ్డదని అనుకోకండి. అర్ధరాత్రి అవ్వకు గుండెనొప్పి వస్తే కారు దేవుడి వంటిది. నిండు గర్భిణికి, నడవలేని తాతకు, కుటుంబమంతా పెళ్ళికి పోవటానికి కారు కావాలి. పెద్ద రహదారి మీద పిల్లలు సైకిలు తొక్కకూడదు. అక్కడ లారీల వేగం మీకు అందదు. ఒంటిపూట బడుల రోజులలో మధ్యాహ్నం ఎండలో నీళ్ళసీసా, టోపీ లేకుండా నడవకూడదు. కొడవలితో కోయవలసిన పని ఉన్నది, గోటితో గిల్లవలసిన పని ఉన్నది. గోటితో పోయేదానికి కొడవలి తీయవద్దని మాత్రమే నేను చెప్పేది.

ఈ నెల మీరు చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఒక కాగితం మీద మీ ఇంటి నుంచి బడిదాకా పటం గీయండి. మీ దారిలో ఉన్న స్నేహితుల ఇళ్ళను చుక్కలతో గుర్తుపెట్టండి. రోడ్డు దాటవలసిన చోట ఎర్ర గుర్తు పెట్టండి. ఆ పటాన్ని అమ్మకో నాన్నకో చూపించి, ఒక ఆదివారంనాడు వాళ్ళను వెంటబెట్టుకొని ఆ దారి అంతా నడిచి చూడండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఎర్ర గుర్తు దగ్గర ఏమి కావాలో—తెల్లచారలా, వేగం తగ్గించే దిమ్మెయా, ఒక పెద్దమనిషి తోడా—మాట్లాడుకోండి. అది పురపాలక సంఘంవారు చేయవలసినదైతే, పెద్దలతో కలిసి ఒక అర్జీ రాయండి. అర్జీ ఎట్లా రాయాలో మీ తెలుగు మాస్టారు చెబుతారు.

పటంలో నాలుగు చుక్కలు ఒక వరుసలో పడ్డాయంటే, మీ బస్సు సిద్ధమైనట్లే. డ్రైవరు కోసం వెతకండి. ప్రతి వీధిలోనూ అటువంటి తాత ఒకడు తప్పక ఉంటాడు.